మొక్కజొన్న నడిచొచ్చిన దారి

చలికాలం రాగానే మనలో చాలామంది మెక్సికో టికెట్లు వెతుకుతాం. ఈసారి కాన్‌కూన్ బీచ్‌తో ఆగిపోకండి, కుదిరితే మెరిడా కూడా చూసి రండి. అది యుకటాన్ రాష్ట్ర రాజధాని. 1542 జనవరి 6న స్పెయిన్ నుంచి వచ్చిన మొంతేహో కుటుంబం వాళ్ళు స్థాపించారని చెప్తారు. అయితే అది ఖాళీ నేల కాదు. అప్పటికే అక్కడ టిహో అనే మాయాల నగరం ఉంది. ఆ కట్టడాల రాళ్ళు ఊడదీసే 1561–1598 మధ్య పెద్ద చర్చి కట్టారు. దగ్గర్లోనే ఉన్న మొంతేహో ఇంటి ముఖద్వారం చూడండి. ఆయుధాలు పట్టిన సైనికుల కాళ్ళ కింద మనుషుల తలలు చెక్కి ఉంటాయి. 1562లో మానీ అనే ఊళ్ళో మతగురువు దియేగో డి లాండా మాయాల పుస్తకాలు తగలబెట్టించాడు. అయినా ఇవాళ్టికీ లక్షలమంది ఆ భాష మాట్లాడుతున్నారు.

ఇదంతా చూసొచ్చి, "మన హామిల్టన్‌లో ఏముంది, స్టీలు ఫ్యాక్టరీలు తప్ప! మహా అయితే 1835 నాటి డండర్న్ కోట" అంటాం. ఒక్కసారి కూట్స్ ప్యారడైజ్ ఒడ్డున ప్రిన్సెస్ పాయింట్‌కి వెళ్ళండి. పిల్లలతో నడకకి మనం వెళ్ళే చోటే అది. క్రీ.శ. 500–1000 మధ్య ఈ ప్రాంతంలో బతికినవాళ్ళకి పురావస్తు శాస్త్రవేత్తలు ఆ చోటు పేరే పెట్టారు. ఒంటారియోలో మొక్కజొన్న పండించిన తొలితరం వాళ్ళే.

ఆ మొక్కజొన్న ఎక్కడిది? మెక్సికోదే! సుమారు 9000 ఏళ్ళ క్రితం అక్కడ ఒక గడ్డిజాతిని సాగుచేసి తయారుచేశారు. ఆ గింజ చేతులు మారుతూ ఈ చలిదేశం దాకా వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు దాన్ని చిక్కుడు, గుమ్మడితో కలిపి వేసేవారు. చిక్కుడు తీగకి మొక్కజొన్న కాడే పందిరి, నేల ఎండకుండా గుమ్మడి ఆకులు నీడ. ఈ మూడింటికీ 'ముగ్గురు అక్కచెల్లెళ్ళు' అని పేరు.

మరో సంగతి. మాయాలు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికిస్తే, ఇక్కడివాళ్ళు కట్టెల బూడిద నీళ్ళలో ఉడికించేవారు. అలా చేస్తేనే అందులోని నియాసిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్ళు గింజ పట్టుకెళ్ళారు గానీ ఈ వంట నేర్చుకోలేదు. మొక్కజొన్నే తిని బతికే పేదల్లో పెలగ్రా వచ్చింది. నర్సింగ్ చదివినవాళ్ళకి ఆ జబ్బు తెలిసే ఉంటుంది. వంటింటి తెలివిని తక్కువగా చూస్తే అలాగే ఉంటుంది మరి!

ఇక ఇక్కడి మనుషులేమయ్యారు? 1784లో బ్రిటిష్ వాళ్ళు గ్రాండ్ నదికి రెండు పక్కలా ఆరేసి మైళ్ళ భూమిని సిక్స్ నేషన్స్ ప్రజలకి ఇస్తామన్నారు. ఇప్పుడు వాళ్ళకి మిగిలింది అందులో 5 శాతం లోపే. బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే హాస్టల్ బడిలో పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి పెట్టారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. అది మూతపడింది 1970లో. మన అమ్మలు బడికెళ్ళే రోజులు అవి, అంత దగ్గరి కాలం.

అక్కడ పుస్తకాలు కాల్చారు, ఇక్కడ పిల్లల నోటి నుంచి మాట లాక్కున్నారు. పని ఒకటే.

ఇప్పుడు ఆ బడి పక్కనే వుడ్‌ల్యాండ్ కల్చరల్ సెంటర్ నడుస్తోంది. హామిల్టన్ నుంచి కార్లో ముప్పావు గంట కూడా పట్టదు. పిల్లల్ని తీసుకెళ్ళండి. తెలుగు నేర్చుకోమంటే మొహం ముడుచుకునే పిల్లలకి, సొంత భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లల కథ చెప్పండి. మనింట్లో తెలుగుకి ఎవరూ అడ్డం రావట్లేదు. నేర్పకపోతే ఆ తప్పు వేరేవాళ్ళ మీద వేయలేం.