పోషణ బాధ్యత: ఆచారం నుంచి చట్టం దాకా

గూడెంలో ముసలివాళ్లను ఎవరు చూడాలి, వదిలేసిన భార్యకు ఎవరు తిండి పెట్టాలి అన్న తగవులు మన పెద్దల ముందే తేలేవి. ఆదిలాబాద్ గోండుల్లో పటేల్ దగ్గర తెగకపోతే రాయ్ సెంటర్‌లో సార్మేడి ముందుకు వెళ్లేవి. నలుగురిలో మాట పడటమే అక్కడ పెద్ద శిక్ష. అయితే కొడుకులు పట్నాలకు వలస పోయాక ఆ మాట వాళ్ల చెవిన పడటం తగ్గింది. అందుకే ఈ విషయంలో చట్టం నడిచిన దారి మనకు తెలియాలి.

బ్రిటిష్ వారి 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 488వ సెక్షన్ ఉండేది. స్తోమత ఉండి కూడా భార్యాబిడ్డలను గాలికి వదిలేసినవాడు నెలనెలా మనోవర్తి ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పరిమితి మాత్రం 50 రూపాయలు. అది 1923లో 100, 1955లో 500 అయింది. తల్లిదండ్రుల ఊసు అందులో లేదు.

1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను కొడుకులతోపాటు కూతుళ్ల బాధ్యతగానూ చేసింది. కానీ కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఇది చూసి, మనోవర్తి చట్టమేదీ మనకు లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

1973 కోడ్‌లోని 125వ సెక్షన్ మతం, కులం, తెగ చూడదు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్‌లో తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులూ చేరారు. పెళ్లయిన కూతురికీ ఈ బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. 500 రూపాయల పరిమితిని 2001లో ఎత్తేశారు. 2024 జూలై 1 నుంచి ఇదే నిబంధన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా ఉంది.

మన పెళ్లిళ్లకు చాలాసార్లు కాగితం ఉండదు. మనోవర్తి కేసులో పెళ్లి రుజువుకు ద్విభార్యత్వ నేరం కేసులో అడిగేంత కఠినమైన సాక్ష్యం అక్కర్లేదని 1999లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పెళ్లి చూసిన పెద్దల సాక్ష్యానికి విలువ ఉంది.

2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. దీనికింద ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. పిల్లలు లేని అరవై ఏళ్లు దాటినవారు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు నుంచి పోషణ అడగవచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు. రాయలేని వృద్ధుల తరఫున మరొకరు దరఖాస్తు ఇవ్వవచ్చు.

1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా గిరిజనులందరికీ ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది. కోర్టు మెట్లెక్కితే పరువు పోతుందని మన ఆడవాళ్లు, ముసలివాళ్లు వెనకాడతారు. పెద్దల మాట చెల్లినంతవరకు అదే మంచిది. చెల్లనప్పుడు ఆకలితో ఉండిపోవడం ఆచారం కాదు. ఆ ఒక్క దరఖాస్తు రాసిపెట్టగలిగేది చదువుకున్న మన పిల్లలు, గూడెం బడి పంతుళ్లే.