కాంగ్రెస్ ఆఫీసు నుంచి లాబీయింగ్‌కు: పిల్లలు ఈ దారి ఎంచుకుంటే తెలియాల్సినవి

ఉద్యోగం మారానని చెప్పగానే గుంటూరు నుంచి మా బాబాయి అడిగిన మొదటి మాట: "అయితే ఇక పైరవీలు చేస్తావా నాన్నా?" నవ్వేశాను గానీ, ఆ మాట చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉంది. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ సభ్యుడి ఆఫీసులో ఏడేళ్లు పనిచేసి లాబీయింగ్ సంస్థలో చేరాను. మన పిల్లల్లోనూ కొందరు ఇటు చూస్తున్నారు కాబట్టి, తల్లిదండ్రులు నన్ను అడిగేవాటికి జవాబులు రాస్తున్నాను.

మొదలు ఎక్కడ?

ప్రతినిధుల సభలో 435 మంది ఓటున్న సభ్యులు, సెనేట్‌లో 100 మంది. ప్రతినిధుల సభ సభ్యుడు 18 మంది వరకు పర్మినెంట్ ఉద్యోగులను పెట్టుకోవచ్చు. చాలామంది ఇంటర్న్‌గానో, ఫోన్లు ఎత్తే స్టాఫ్ అసిస్టెంట్‌గానో మొదలుపెడతారు. తర్వాత ఉత్తరాలకు జవాబులు రాసే లెజిస్లేటివ్ కరస్పాండెంట్, బిల్లులు చూసే లెజిస్లేటివ్ అసిస్టెంట్, ఆపైన లెజిస్లేటివ్ డైరెక్టర్, చీఫ్ ఆఫ్ స్టాఫ్. మొదట్లో జీతం తక్కువ, ఊళ్లో అద్దెలు ఎక్కువ.

ఎందుకు మారతారు?

దాచేదేముంది, డబ్బు ఒక కారణం. కాలేజీ అప్పు, రెండో బిడ్డ నన్ను కదిలించాయి. సంస్థలకు కావాల్సింది మాత్రం మన అనుభవం: బిల్లు ఏ కమిటీలో ఆగుతుంది, సవరణ ఎప్పుడు పెట్టాలి, ఎవరిని ఒప్పించాలి అన్నది.

రూల్స్ ఏమిటి?

1995 నాటి లాబీయింగ్ డిస్‌క్లోజర్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేసుకోవాలి, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. ఏ క్లయింటు, ఏ అంశం, ఎంత డబ్బు అన్నది ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. 2007లో నిబంధనలు బిగించారు. సెనేటర్లు పదవి దిగాక రెండేళ్లు, ప్రతినిధులు ఏడాది పాటు కాంగ్రెస్‌లో లాబీయింగ్ చేయకూడదు. సభ్యుడి జీతంలో 75 శాతం, అంటే 1,30,500 డాలర్లు, అంతకు మించి తీసుకునే సీనియర్ స్టాఫ్‌కూ ఏడాది గడువుంది. ప్రతినిధుల ఆఫీసుల్లో చేసినవాళ్లు తమ పాత ఆఫీసును, సెనేట్‌లో చేసినవాళ్లు మొత్తం సెనేట్‌ను లాబీ చేయకూడదు. తెర వెనుక సలహా ఇవ్వడానికి అడ్డు లేదు. విమర్శకులు వేలెత్తి చూపేది సరిగ్గా ఇక్కడే, వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు.

నాకూ ఆ గడువు వర్తించింది. మొదటి నెలలోనే ఒక క్లయింటు "మీ పాత బాస్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు" అన్నారు. కుదరదన్నాను. ఆ ఒప్పందం పోయింది. మా ఆవిడ మాత్రం ఆ రాత్రి, "పోతే పోయింది, నిద్ర పడుతుంది కదా" అంది.

అయితే ఇది పైరవీయేనా?

ప్రభుత్వానికి విన్నవించుకోవడం రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చిన హక్కు. చీకట్లో చేస్తే పైరవీ, రిజిస్టర్‌లో రాసి చేస్తే లాబీయింగ్ అని బాబాయికి చెప్పాను. కానీ ఒక తేడా నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. 2019 జులైలో గ్రీన్‌కార్డులపై దేశాలవారీ పరిమితి తీసేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపాన్ని ఆమోదించింది. రెండూ కలవలేదు, చట్టం కాలేదు. ఆ రోజుల్లో ఫోన్ చేసి, పిల్లలకు 21 నిండుతున్నాయని తెలుగు యాసలో ఇంగ్లిష్ మాట్లాడిన తల్లుల గొంతులు ఇంకా గుర్తే. వాళ్లలో ఎవరికీ లాబీయిస్టు లేడు.

అందుకే పిల్లలకు ఈ దారి వద్దని చెప్పను. కొన్నేళ్లు ఫోన్లు ఎత్తాకే రమ్మంటాను. పెద్దలకు ఒక్క మాట: ఓటు లేకపోయినా మీ ప్రాంత ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. అవతల రాసుకునే కుర్రాడు ఒకడుంటాడు. ఒకప్పుడు అది నేనే.