రోగి సమ్మతి: భారతదేశంలో చరిత్ర

జబ్బు ఏమిటో, చేయబోయే చికిత్స ఏమిటో, దానివల్ల వచ్చే మేలు, పొంచి ఉన్న ముప్పు, ఇతర మార్గాలు, అసలేమీ చేయించుకోకపోతే జరిగేది వైద్యుడు విడమరిచి చెప్పాక, రోగి తన ఇష్టంతో ఒప్పుకోవడాన్ని రోగి సమ్మతి అంటారు. ఆపరేషన్లకు, మత్తు ఇవ్వడానికి, రక్తం ఎక్కించడానికి, కొత్త మందుల ప్రయోగాలకు ఇది తప్పనిసరి. మన దేశంలో సమ్మతి అడగడం చాలా పాత ఆచారం. రోగినే అడగాలన్న పట్టుదల మాత్రం ఈమధ్య కాలానిది.

చరక సంహితలో ఉదర రోగాల ప్రకరణం ఉంది. వేరే మందులేవీ పనిచేయనప్పుడు విషంతో చేసే ప్రమాదకరమైన చికిత్సకు ముందు వైద్యుడు రోగి బంధువులను, మిత్రులను, భార్యను, బ్రాహ్మణులను, గురువులను, రాజును సంప్రదించాలని అందులో ఉంది. చికిత్స చేయకపోతే చావు ఖాయమని, చేసినా బతుకుతాడో లేదో చెప్పలేమని వారికి తెలిపి అనుమతి పొందాలి. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే ముందు ప్రభువు అనుమతి తీసుకోవాలని సుశ్రుత సంహిత చెబుతుంది. ముప్పును దాచకూడదన్న నియమం అంత పూర్వమే ఏర్పడటం గర్వించదగినదే. అయితే అనుమతి అడగవలసిన వాళ్లలో రోగి లేడు. రేపు ప్రాణం పోతే నింద వైద్యుడి మీద పడకుండా చూసుకోవడమే ఆ ఏర్పాటులోని ముఖ్యోద్దేశంగా కనిపిస్తుంది.

చట్టం విషయానికి వస్తే, 1860 నాటి భారత శిక్షాస్మృతి 88 నుంచి 92 వరకు ఉన్న సెక్షన్లలో దీనికి పునాది వేసింది. మేలు కోరి, రోగి ఒప్పుకోలుతో చేసిన పనివల్ల హాని జరిగినా అది నేరం కాదు. భయపెట్టో, తప్పుడు భ్రమ కల్పించో తీసుకున్న ఒప్పుకోలు చెల్లదు. పన్నెండేళ్ల లోపు పిల్లల తరఫున సంరక్షకులు ఒప్పుకోవచ్చు. ప్రాణాపాయంలో అడిగే వీలే లేకపోతే సమ్మతి లేకుండానే చికిత్స చేయవచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ సూత్రాలే కొనసాగాయి.

ఇతర దేశాల్లో ఈ భావన కోర్టుల ద్వారా, ఘోరాల ద్వారా ఎదిగింది. యుక్తవయసు వచ్చి, బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషికి తన దేహాన్ని ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని 1914లో న్యూయార్క్ న్యాయమూర్తి కార్డోజో తీర్పు చెప్పారు. నిర్బంధ శిబిరాల్లో మనుషులపై ప్రయోగాలు చేసిన నాజీ వైద్యులను విచారించిన న్యాయస్థానం 1947లో ప్రకటించిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొట్టమొదటిది స్వచ్ఛంద సమ్మతే. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చింది.

ఇక్కడి ఆసుపత్రుల్లో మాత్రం చాలాకాలం "మీ వాళ్లెవరైనా ఉన్నారా, సంతకం పెట్టాలి" అన్నదే పద్ధతి. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలంది. అయినా భర్త సంతకం లేనిదే ముందుకు పోని ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. 2002లో వచ్చిన వైద్య మండలి నియమావళి ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేసింది. అందులో భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, ఆ తర్వాత రోగి, ఇదీ వరస. 2023 ఆగస్టులో కొత్త నియమాలు వెలువడినా అదే నెలలో పక్కన పెట్టేయడంతో మళ్లీ ఆ పాతవే దిక్కయ్యాయి.

వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తేల్చాక సమ్మతి పత్రానికి బలం పెరిగింది. మలుపు తిప్పిన తీర్పు 2008 జనవరి 16న వచ్చింది. 44 ఏళ్ల అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు వెళ్లారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు వర్తించదని, స్పృహ వచ్చాక అడిగే వీలున్నప్పుడు తల్లి మాట చాలదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వైద్యురాలికి ఆపరేషన్ ఫీజు రాదని, 25,000 రూపాయల పరిహారం చెల్లించాలని చెప్పింది. రోగి పోగొట్టుకున్నదాని ముందు ఆ మొత్తం చాలా చిన్నది. అరుదైన ముప్పులన్నీ ఏకరువు పెట్టనక్కరలేదని కూడా అదే తీర్పు అంది. ఎంత చెప్పాలన్న కొలతను అమెరికా కోర్టుల్లా రోగి అవసరాన్ని బట్టి కాక, వైద్యవృత్తిలోని వాడుకను బట్టి నిర్ణయించింది.

తెలుగువారికి బాగా దగ్గరగా జరిగిన ఘటన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2009 జులై నుంచి పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇప్పించాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాగే జరిగింది. వీళ్లలో ఎందరో హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి కనిపించలేదు. హెచ్‌పీవీ టీకాను ఎన్నో దేశాలు మామూలుగా వాడుతున్నాయి కూడా. తప్పు బయటపడింది సమ్మతి పత్రాల్లో. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. గూడెంలో ఉన్న తల్లిని ఎవరూ అడగలేదు. మంచి టీకాకైనా అలా అడగకుండా వెళ్లడం అన్యాయమే. దాని మీద అనుమానాలు పెంచింది కూడా అదే. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఔషధ ప్రయోగాల్లో పాల్గొనేవారికి వివరించి సమ్మతి తీసుకునే తీరును వీడియో తీయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా ఆ సంవత్సరమే.

తర్వాతి చట్టాలు రోగి వైపే మొగ్గాయి. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం సమ్మతి లేని పరీక్షను నిషేధించింది. అదే ఏటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తనకు ఎలాంటి చికిత్స కావాలో వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది.

వార్డుల్లో పరిస్థితి ఇంత వేగంగా మారలేదు. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఇంగ్లిష్ పత్రం చేతికిచ్చి ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయించడం నేటికీ కనిపిస్తుంది. కేన్సరని తేలితే "నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ" అని బతిమాలే బిడ్డలున్నారు. వారిది ప్రేమే. కానీ కీమో ఎక్కించుకోవలసిన మనిషికి ఎందుకో తెలియకుండానే చికిత్స సాగుతుంది.

కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమంగా ప్రాణం నిలబెట్టవద్దని ముందే రాసిపెట్టే వీలునామాను సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. అప్పట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావలసి వచ్చేది. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది.