చెవులున్న తంగేడు



బతుకమ్మ పండుగ దగ్గరికొస్తోందంటే మన ఇళ్ళల్లో మొదట వినబడే మాట "తంగేడు దొరికిందా?" అనే. గునుగు, బంతి, గుమ్మడి ఎన్ని పేర్చినా తంగేడు లేకపోతే ఆ బతుకమ్మకు కళ రాదు. కాని పట్నవాసంలో మనం పొలం గట్టు మొహం చూసేదెప్పుడు? బజారులో పసుపుపచ్చగా కనిపించిన రెమ్మనల్లా తంగేడే అనుకుని తెచ్చేసుకుంటున్నాం. పచ్చనివన్నీ తంగేడు కాదమ్మా! ఈ పువ్వు గుర్తులేమిటో, దాని వెనకాల ఉన్న కథేమిటో ఈవేళ చెప్పుకుందాం.

మెదక్ నుంచి హవేలిఘనపూర్ మీదుగా పోచారం దిక్కు వెళ్ళే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నిజాం కాలంలో, 1916కూ 1922కూ మధ్య కట్టిన పోచారం చెరువు అక్కడే ఉంది. దాని చుట్టూ అడవి. వానలు వెనకబట్టే రోజుల్లో ఆ వైపు వెళితే గట్ల మీదా బీళ్ళలోనూ పసుపు ఆరబోసినట్టు పూలు కనబడతాయి. అక్కడ ఆగి చూస్తే ఒకే రంగు పూలు పూసే మొక్కలు మూడు నాలుగు రకాలు తేలతాయి. అన్నీ ఒక కుటుంబానివే. అక్కచెల్లెళ్ళ పోలికలు ఉండనే ఉంటాయి గదా! అందుకని పువ్వు ఒక్కటే చూస్తే చాలదు. ఆకు చూడాలి, కాయ చూడాలి.

తంగేడు చెట్టు కాదు, పొద. మనిషెత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆకు ఈనెకు రెండు వైపులా ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టి ఆకులుంటాయి. ఒక్కొక్క జత మధ్య ఈనె మీద చిన్న మొటిమ లాంటిది కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, ఆకు కాడ కొమ్మకు అతికే చోట రెండు వైపులా చెవి తమ్మెల్లాంటి చిన్న ఆకులు. కాయ బల్లపరుపుగా, ఎండితే కాగితంలా పలచగా, లోపలి గింజలు పైకి ఉబ్బి లెక్కపెట్టుకునేట్టు ఉంటుంది.

ఇక దీని పోలికవాళ్ళను చూద్దాం. రోడ్ల పక్కన నీడకోసం నాటిన పెద్ద చెట్టుకు కొమ్మల చివర గుత్తులుగా పచ్చని పూలు పూస్తాయే, అది సీమ తంగేడు. ఆగ్నేయాసియా దేశాల నుంచి వచ్చింది. ఆకు మొదట్లో చెవులుండవు, ఈనె మీద మొటిమలుండవు. వానాకాలంలో ఇంటి చుట్టూ మొలిచే మోకాలెత్తు మొక్క తగిరిస. కొందరు తంటెం అంటారు. దీనికి మూడే జతల ఆకులు, అవి కూడా కొసన గుండ్రంగా ఉంటాయి. కాయ సన్నగా, దారంలా పొడుగ్గా వంగి ఉంటుంది. లేత ఆకు కూర వండుకునే ఇళ్ళూ ఉన్నాయి.

మూడోది కసివింద. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చి మన పెంటకుప్పల మీద స్థిరపడింది. నాలుగైదు జతల ఆకులు, కొసలు మొనదేలి ఉంటాయి. నలిపితే చెడ్డ వాసన. తల్లులంతా దీన్ని తప్పకుండా గుర్తుపట్టాలి. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ఏటా పసిపిల్లలు ఉన్నట్టుండి జబ్బుపడి ప్రాణాలు పోగొట్టుకుంటుంటే, అది ఏదో మెదడువాపు జ్వరమని చాలాకాలం అనుకున్నారు. ఆడుకుంటూ కసివింద గింజలు తినడమే కారణమని వైద్యులు 2007లో తేల్చి రాశారు. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా నిపుణులు ఈ గింజల వైపే వేలు చూపించారు. కూరకని తగిరిస కోసేటప్పుడు ఇది కలవకుండా చూసుకోవాలి. మొక్కల్ని గుర్తుపట్టడం ఉబుసుపోక చేసే పని కాదని దీన్నిబట్టే తెలియడం లేదూ?

ఇప్పుడు పేర్ల కథ. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు 1753లో తంగేడుకు లాటిన్‌లో 'ఆరిక్యులేటా' అని పేరు పెట్టాడు. అంటే చెవులు కలది! మనం ఇందాక చెప్పుకున్న గుర్తే ఆయనకూ కనబడిందన్నమాట. ఆ తరువాత 1781లో రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు మన సామర్లకోటకు వచ్చాడు. వైద్యం చేస్తూనే మొక్కలు సేకరించి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1787లో కోరంగి దగ్గర తుఫాను వచ్చి ఆయన కూడబెట్టిన మొక్కలూ కాగితాలూ కొట్టుకుపోతే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ కృషి ఫలితంగా కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడొందల బొమ్మలతో మూడు సంపుటాలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో వెలువడ్డాయి. వాటిని దగ్గరుండి అచ్చు వేయించిన జోసెఫ్ బ్యాంక్స్, 1770లో కెప్టెన్ కుక్‌తో ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడి అడవిపూలను సేకరించి తెచ్చినవాడే.

రాక్స్‌బర్గ్ చేసిన మంచి పని ఇంకొకటుంది. మొక్కల తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. ఆ పేర్లు పుస్తకాల్లో పుట్టలేదు. కట్టెలకు పోయినవాళ్ళూ, కలుపు తీసినవాళ్ళూ, మందాకు నూరినవాళ్ళూ తరతరాలుగా పిలిచిన పేర్లవి. అందులో ఆడవాళ్ళ వంతు తక్కువేమీ కాదు.

తంగేడు పూజకే కాదు, కూటికీ పనికొచ్చింది. దాని బెరడుతోనే మన ఊళ్ళ లందల్లో తోళ్ళు పదును చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సిపాయిల బూట్లకు మద్రాసు నుంచి పోయిన తోళ్ళకు పదును పెట్టిందీ చాలావరకు ఈ బెరడే. తరువాత దీని స్థానంలోకి వచ్చింది వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా! చిత్రమేమిటంటే, ఆ వాటిల్ తోబుట్టువే అయిన బంగారు రంగు పూల వాటిల్‌ను ఆస్ట్రేలియావాళ్ళు 1988లో తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకున్నారు. మన తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. రెండూ పసుపు పూలే, రెండు ఇళ్ళ బెరడూ తోలుపనికి పనికొచ్చిందే.

రాష్ట్ర పుష్పమని గౌరవం ఇచ్చినంత మాత్రాన గట్టు మీద పొద మిగలదు. బీళ్ళు ప్లాట్లవుతున్నాయి. పండుగ ముందు బేరానికని కొమ్మలకు కొమ్మలు నరుక్కొస్తున్నారు. మనం చేయగలిగింది మనం చేద్దాం. కోసేవాళ్ళం పూలగుత్తి వరకే తుంచుదాం. మొదలంటా విరిచిన మోపు అమ్మకానికి వస్తే కొనకుండా ఒక మాట చెబుదాం. ఎండుకాయలు దొరికితే నాలుగు గింజలు పెరటి మూలనో, కాలనీ పార్కులోనో వేద్దాం. మొండి మొక్క అది, పెద్దగా నీళ్ళడగదు. పశువులు కూడా దాని జోలికి పోవు.

ఈసారి పండుగకు తంగేడు రెమ్మ ఇంటికి రాగానే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి. ఆకు మొదట్లో ఆ చెవులు చూపించండి. కసివింద కనబడితే దాన్ని కూడా చూపించి, నోట పెట్టవద్దని చెప్పండి. పేరు తెలిసిన మొక్కను పిల్లలు ఊరికే తొక్కుకుంటూ పోరు.

సెలవు.