కాగితంలో రెండెకరాలు.. క్షేత్రంలో ఎంత?
స్థలం కొనే ముందు సర్వే రికార్డుల పరిశీలన తప్పనిసరి

చింతలపూడి: మెట్ట ప్రాంతంలో మామిడి తోట గానీ, ఇంటి స్థలం గానీ కొనేవారు దస్తావేజు, ఈసీ చూసుకొని రిజిస్ట్రేషన్‌కు సిద్ధమవుతుంటారు. ఆ రెండూ క్రయవిక్రయాల చరిత్రను తెలుపుతాయే తప్ప భూమి హద్దులను నిర్ధారించవు. రిజిస్ట్రేషన్ సమయంలో ఎవరూ పొలానికి వచ్చి కొలవరు. ఆ జాగ్రత్త కొనుగోలుదారుదే.

ఏ రికార్డులో ఏముంటుంది?

అడంగల్: అనుభవదారు, సాగు, పంట వివరాలు.
1-బి: ఖాతాదారు పేరిట ఉన్న సర్వే నంబర్లు, విస్తీర్ణం.
ఆర్‌ఎస్‌ఆర్: భూమి మూల వర్గీకరణ. జిరాయితీయా, ప్రభుత్వ భూమా, వాగు లేదా డొంక పోరంబోకా అన్నది ఇందులో తేలుతుంది.
ఎఫ్‌ఎంబీ: సర్వే నంబరు ఆకృతి, భుజాల కొలతలు, సబ్‌డివిజన్లు, రాళ్ల స్థానాలు.

వీటితోపాటు నిషేధిత భూముల 22-ఏ జాబితానూ చూడాలి. అసైన్డ్ భూముల బదిలీపై 1977 నాటి చట్టం ఆంక్షలు విధించింది.

చెట్టు హద్దు కాదు

గట్టు మీది మామిడి వరుస, ముళ్లకంచె హద్దుకు రుజువు కావు. ఎఫ్‌ఎంబీలోని కొలత ప్రకారం రాయి ఉన్నచోటే హద్దు. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. సెంటుకు 48.4 చదరపు గజాలు. దస్తావేజులో 2 ఎకరాలని రాసి, కొలతలో 1.92 ఎకరాలే తేలితే కొరత 8 సెంట్లు. అంటే 387 గజాలకు సొమ్ము వృథాగా చెల్లించినట్లే.

రాళ్లు కనిపించకపోతే భూయజమాని చేత ఎఫ్‌-లైన్ దరఖాస్తు చేయించాలి. సర్వేయరు పొరుగు రైతులకు నోటీసులిచ్చి, వారి సమక్షంలో హద్దులు చూపుతారు. పొరుగువారి అభ్యంతరాలు అప్పుడే బయటపడతాయి.

రీసర్వే గ్రామాల్లో..

రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే ప్రారంభమైంది. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత, కొత్త నంబర్లను, విస్తీర్ణాలను సరిపోల్చుకోవాలి. ఒకే ఎల్‌పీఎం కింద పలువురి పేర్లుంటే, అమ్మేవారి వాటా విడగొట్టిన తరువాతే ముందుకు వెళ్లడం మేలు.

బయానా ఇచ్చే ముందే కొలత వేయించాలి. వీలుకాకుంటే, కొలతలో తేలిన విస్తీర్ణానికే ధర చెల్లించేలా ఒప్పందంలో రాయించుకోవాలి.