సర్జన్ దాచుకున్న సూది

విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్ పేరు వినని సర్జన్లు ఉంటారేమో గానీ, ఆయన చేతి చలవ సోకని ఆపరేషన్ థియేటర్ ఉండదు. రబ్బరు గ్లౌజులు తొడుక్కుని కత్తి పట్టే అలవాటు ఆయన థియేటర్‌లోనే పాదుకుంది. పన్ను పీకే ముందు దవడ నరం దగ్గర సూది వేసి తిమ్మిరెక్కించే విద్య ఆయన చూపిన దారి. పీజీ కుర్రాళ్లు ఆసుపత్రిలోనే తిని, ఆసుపత్రిలోనే పడుకుని పని నేర్చుకునే రెసిడెన్సీ పద్ధతికి సర్జరీలో పునాది వేసిందీ ఆయనే. లోకానికి ఇన్ని ఇచ్చిన మనిషి, నొప్పి తెలియనివ్వని మందు వెతుకుతూ వెళ్లి ఆ మందు చేతికే చిక్కారు. ఆ చెర దాదాపు జీవితాంతం సాగింది.

ఆయన 1852లో న్యూయార్క్‌లో కలిగినవాళ్ల ఇంట పుట్టారు. యేల్‌లో చదివినన్నాళ్లూ పుస్తకం మీద కంటే బంతి మీదే ధ్యాస. ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయ్యారు. వైద్యంలో అడుగు పెట్టాక మాత్రం చదువే లోకమైంది. 1877లో పట్టా, ఆ తర్వాత రెండేళ్లు యూరప్. వియన్నాలో బిల్‌రోత్ లాంటి ఉద్దండుల ఆపరేషన్లు దగ్గర నుంచి చూసి 1880లో తిరిగొచ్చారు. అప్పటికి నిండా ముప్ఫై లేవు.

1881లో ఆయన చెల్లెలికి కాన్పయ్యాక నెత్తురు ఆగక ప్రాణం మీదికి వచ్చింది. హాల్‌స్టెడ్ తన ఒంట్లోంచే రక్తం తీసి ఆమెకు ఎక్కించి, ఆ వెంటనే తానే ఆపరేషన్ చేశారు. మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. అయినా ఆమె బతికి బట్టకట్టింది. మరుసటి ఏడాది తల్లికి పిత్తాశయంలో రాళ్లు చేరి చీము పట్టింది. తెల్లవారుజామున 2 గంటలకు వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, కోసి, రాళ్లు తీశారు. ఆమే బతికింది. ఆ చేతులకు ఎదురులేదని ఊరంతా నమ్మింది. ఆయనా నమ్మే ఉంటారు.

ఒకటా రెండా, అరడజను ఆసుపత్రుల్లో ఆయనకు పని. పగలు ఓపీ, సాయంత్రం విద్యార్థులకు పాఠాలు, రాత్రి అత్యవసర కేసులు. పాఠం చెబితే కుర్రాళ్లు ఎగబడి వచ్చేవారు. నలుగురిలో నవ్వుతూ తుళ్లుతూ ఉండే మనిషి. ఆయనకు అలసట ఉంటుందని ఎవరికీ తోచలేదు.

1884 సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ జరిగింది. వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు పంపిన పత్రాన్ని అక్కడ చదివారు. ప్రయాణానికి డబ్బు లేక ఆయన రాలేకపోతే వేరొకరు చదివి వినిపించారు. కంట్లో రెండు చుక్కలు కొకైన్ ద్రావణం వేస్తే రోగి మెలకువగానే ఉంటాడు, కత్తి తగిలినా నొప్పి తెలియదు. అప్పటిదాకా ఈథరో క్లోరోఫారమో పీల్పించి మనిషిని పూర్తిగా మత్తులో ముంచడమే గతి. కొద్ది వారాల్లోనే ఆ వార్త అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది.

కంటికి పనిచేసేది నరానికి ఎందుకు పనిచేయదని హాల్‌స్టెడ్ ఆలోచించారు. సహచరుడు రిచర్డ్ హాల్‌తో, మరికొందరు కుర్ర డాక్టర్లు, విద్యార్థులతో కలిసి పని మొదలుపెట్టారు. రోగి మీద ప్రయోగించే ముందు తమ మీద చూసుకోవాలన్నది వాళ్ల నియమం. ఒకరి చేతి నరానికి ఒకరు సూది గుచ్చుకున్నారు. ఎక్కడ గుచ్చితే ఎంత మేర తిమ్మిరెక్కుతుందో, ఎంతసేపు ఉంటుందో గుర్తు పెట్టుకున్నారు. దవడ నరాన్ని మొద్దుబార్చే పద్ధతి అలాగే బయటపడింది. నరాన్ని దాని మార్గంలోనే పట్టి నొప్పిని ఆపే విద్య ఆ గదుల్లో పుట్టింది.

ఆ సూదితో నొప్పి పోవడమే కాదు, అలసట కూడా పోయింది. ఆకలి, నిద్ర గుర్తు రాలేదు. రాత్రి డ్యూటీ దిగి మళ్లీ పొద్దున ఓపీకి పరుగెత్తే కుర్ర డాక్టర్లకు ఇంతకంటే ఏం కావాలి? కొకైన్ అప్పట్లో మందుల షాపుల్లో బాహాటంగా దొరికేది. అది మనిషిని పట్టుకుంటుందని చెప్పేవారు ఇంకా రాలేదు. 1885 నాటికి వాళ్లు వెయ్యికి పైగా చిన్న ఆపరేషన్లలో కొకైన్ వాడారు. అప్పటికే అది వాళ్లను వాడుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్ మెడికల్ జర్నల్‌లో హాల్‌స్టెడ్ ఒక వ్యాసం అచ్చేశారు. తన పరిశోధన తనదేనని లోకానికి చాటుకోవాల్సిన వ్యాసం అది. మొదటి వాక్యమే వంద మాటలు దాటుతుంది. ఒక మాట ఇంకోదానికి అడ్డం వస్తుంది, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో తెలియదు, ఎంత చదివినా అర్థం తేలదు. కళ్ల ముందు కొకైన్ మాట్లాడుతోంది. సంపాదకుడు దాన్ని అలాగే అచ్చేశాడు.

ఆ రోజుల్లోనే కాలు విరిగి ఎముక బయటికొచ్చిన కూలీని చూడ్డానికి ఆసుపత్రికి పిలిస్తే, హాల్‌స్టెడ్ ఆ కాలు వంక చూసి, తాను చేయలేనని వెనుదిరిగి, ఇంటికి పోయి తలుపేసుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. చెల్లెలికి తన రక్తం పోసి, తల్లి కడుపు కోసి బతికించిన చేతులవి. నాలుగేళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి!

అందరూ తప్పుకుంటున్న వేళ ఒక్క స్నేహితుడు మిగిలాడు. విలియం వెల్చ్ అనే పాథాలజిస్ట్. 1886 ఫిబ్రవరిలో ఒక తెరచాప ఓడ మాట్లాడి మిత్రుణ్ని కరీబియన్ దీవుల వైపు తీసుకెళ్లారు. మందు రోజురోజుకూ తగ్గిస్తూ పోతే అలవాటు దానంతటదే వదులుతుందని ఆయన ఆశ. వెంట తెచ్చుకున్నది చాలక హాల్‌స్టెడ్ ఓడ కెప్టెన్ మందుల పెట్టె మీద పడ్డారని చెప్పుకుంటారు.

ఆ ఏడే రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బట్లర్ ఆసుపత్రిలో చేరారు. చేరింది ‘విలియం స్టూవర్ట్’ పేరుతో; ఇంటిపేరు బయటపెట్టలేదు. కొకైన్ మాన్పడానికి అక్కడ ఆయనకు మార్ఫీన్ ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందు వియన్నాలో ఫ్రాయిడ్ అనే యువ వైద్యుడు దీన్ని తలకిందులుగా చేశాడు. మార్ఫీన్‌కు బానిసైన తన మిత్రుడు ఫ్లైష్‌ల్‌కు కొకైన్‌తో వైద్యం చేయబోయాడు. ఆ మిత్రుడు రెండింటికీ బానిసై 1891లో పోయాడు. హాల్‌స్టెడ్ ప్రాణం దక్కింది గానీ, బట్లర్ నుంచి బయటికొచ్చేసరికి మార్ఫీన్ ఆయన వెంటే వచ్చింది.

వెల్చ్ ఆయన్ను బాల్టిమోర్ రప్పించి, తన ఇంట్లో చోటిచ్చి, తన ప్రయోగశాలలో బల్ల ఇచ్చారు. అక్కడ కుక్కల పేగులు కోసి కుడుతూ, కుట్టు నిలవాలంటే సూది పేగు గోడలో ఏ పొరను పట్టాలో తేల్చారు. 1887లో హార్వర్డ్‌లో ఆ సంగతి ఉపన్యసించారు. ఆ వెంటనే మళ్లీ బట్లర్‌లో చేరి నెలల తరబడి ఉండిపోయారు. పడడం, లేవడం, మళ్లీ పడడం. ఈ జబ్బు తీరే అంత.

1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. వెల్చ్ మాట మీద హాల్‌స్టెడ్‌కు అక్కడ మొదట తాత్కాలికంగా, తర్వాత శాశ్వతంగా సర్జరీ విభాగం అప్పగించారు. ఆయన థియేటర్ నర్సు కరొలిన్ హాంప్టన్. క్రిములు చావడానికి చేతులు ముంచే పాదరసపు నీళ్లకు ఆమె చర్మం ఎర్రగా పొక్కిపోయేది. హాల్‌స్టెడ్ ఆమె చేతుల అచ్చు తీయించి, గుడ్‌ఇయర్ కంపెనీకి పంపి, పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించారు. 1890 జూన్‌లో ఇద్దరికీ పెళ్లయింది. గ్లౌజుల వల్ల రోగి పుండు చీము పట్టకుండా మానుతుందన్న సంగతి తర్వాత్తర్వాత గానీ తెలియలేదు. ఒక స్త్రీ చేతులు మండకుండా చేసిన పని లక్షల ప్రాణాలు కాపాడింది.

కానీ న్యూయార్క్‌లోని ఆ తుళ్లింత బాల్టిమోర్‌కు రాలేదు. ఇక్కడి హాల్‌స్టెడ్ ముభావి. ఆపరేషన్ నెమ్మదిగా, కండను పువ్వులా ముట్టుకుంటూ చేసేవారు. ఒక్కోసారి కత్తి శిష్యుల చేతికిచ్చి వెళ్లిపోయేవారు. ఏటా వేసవిలో నెలల తరబడి ఎవరికీ కనిపించేవారు కారు. భార్యాభర్తలు ఒకే ఇంట్లో వేర్వేరు అంతస్తుల్లో బతికారు. వదిలించుకున్నాడు, కోలుకున్నాడు అని సహచరులు సంతోషించారు.

ఒక్కరికి మాత్రం నిజం తెలుసు. హాప్కిన్స్ వైద్య విభాగాధిపతి విలియం ఆస్లర్. ఒకరోజు హాల్‌స్టెడ్ చలితో గజగజ వణకడం చూశారు. మార్ఫీన్ అందనప్పుడు వచ్చే వణుకు అది. రోజుకు మూడు గ్రెయిన్లు, అంటే దాదాపు 200 మిల్లీగ్రాముల మార్ఫీన్ లేకుండా ఆయనకు గడవడం లేదని గ్రహించారు. ఈ సంగతి ఒక చిన్న పుస్తకంలో రాసి సీలు వేశారు. అది తెరిచేసరికి 1969 వచ్చింది. అప్పటికి ఆస్లర్ పోయి యాభై ఏళ్లు.

ఆ మౌనంలో ప్రేమ ఉంది, కాదనలేం. ఆనాడు రచ్చకెక్కి ఉంటే హాల్‌స్టెడ్ ఉద్యోగం పోయేది, మనకు ఆ విద్య దక్కేది కాదు. కానీ రహస్యం కాపాడింది ఆయన పరువును. ఆయన జబ్బు ఆ పరువు నీడలోనే పెరిగింది.

మరి ఆయనతో పాటు సూది గుచ్చుకున్న కుర్రాళ్ల సంగతి? రిచర్డ్ హాల్ కాలిఫోర్నియా వెళ్లిపోయి 1897లో కన్నుమూశారు. 1918లో ఆస్లర్‌కు రాసిన ఉత్తరంలో హాల్‌స్టెడ్ ఆ లెక్క చెప్పుకున్నారు: హాల్, మరో ఇద్దరు సహాయకులు ఆ ప్రయోగాల్లోనే కొకైన్‌కు బానిసలయ్యారు, ముగ్గురూ దాని నుంచి బయటపడకుండానే పోయారు. హాల్‌స్టెడ్‌కు వెల్చ్ దొరికారు. వాళ్లకు ఎవరూ దొరకలేదు. ఆ ఇద్దరి పేర్లు వైద్యచరిత్ర పుస్తకాల్లో వెతికినా కనబడటం కష్టం.

1922 సెప్టెంబరు 7న హాల్‌స్టెడ్ పోయారు. అప్పటికి కొద్ది నెలల కిందటే అమెరికా దంతవైద్యుల సంఘం, నరానికి తిమ్మిరెక్కించే విద్య కనిపెట్టినందుకు ఆయన్ను సన్మానించింది. ప్రాణం తీసినవి పిత్తాశయ రాళ్లు, వాటి ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కులు. వంటింటి బల్ల మీద తల్లికి తీసిన రాళ్ల లాంటివే. మూడు నెలలు తిరక్కముందే కరొలిన్ కూడా పోయారు.

ఆయన వదిలివెళ్లిన ఆస్తుల్లో రెసిడెన్సీ ఒకటి. ఆసుపత్రే ఇల్లు, పెళ్లి మాటెత్తకూడదు, పగలూ రాత్రీ పిలుపుకు అందుబాటులో ఉండాలి. అలసట ఎరగనివాడే సర్జన్ అన్న నమ్మకం దాని పునాదిలో ఉంది. దాన్ని కట్టిన మనిషి మాత్రం తన అలసటను ఏ సూదితో తీర్చుకున్నారో శిష్యులకు చెప్పలేదు. 1984లో లిబీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి న్యూయార్క్ ఆసుపత్రిలో, అలసిన రెసిడెంట్ల వైద్యంలో ఉండగా చనిపోయాక గానీ రెసిడెంట్ల నిద్ర గురించి అమెరికా మాట్లాడలేదు. వారానికి 80 గంటలు మించకూడదన్న నియమం దేశమంతటికీ వచ్చేసరికి 2003 అయింది. మన దేశంలో వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే కాగితం మీద పెట్టింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ముప్ఫయ్యారు గంటల డ్యూటీ దిగి, డాక్టరమ్మ గదికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద ఒరగడం తెలుగునాట ఏ జూనియర్ డాక్టర్ల హాస్టల్‌లోనైనా కనిపించే దృశ్యమే.

అలా ఒరిగిన మనిషికి మందుల అల్మరా తాళం చేతిలోనే ఉంటుంది. ఫెంటనిల్, ఫోర్ట్‌విన్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు, నిద్రమాత్రలు, ఏదైనా. మత్తు ఇచ్చే డాక్టర్లకు, ఐసీయూ నర్సులకు ఈ గండం మరీ దగ్గర. మొదట నిద్ర కోసం, తర్వాత మనసు తేలికపడడానికి, చివరికి వణుకు రాకుండా ఉండడానికి. ఆ చివరి మెట్టు మీద సుఖం ఏమీ ఉండదు. పక్కనున్నవాళ్లకు కొన్ని గుర్తులు కనిపిస్తాయి: సెలవు రోజున కూడా థియేటర్ చుట్టూ తిరగడం, అడక్కుండానే అదనపు డ్యూటీలు తీసుకోవడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా, కేస్ షీట్‌లో ఇంజెక్షన్ ఇచ్చినట్టు రాసి ఉన్నా రోగి నొప్పితో మూలుగుతుండడం.

హాల్‌స్టెడ్ కాలంలో లేనివి మనకున్నాయి. అలవాటు మాన్పడానికి బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి. అమెరికాలో మత్తుకు బానిసలైన డాక్టర్లకు చికిత్స చేయించి, అయిదేళ్ల పాటు కనిపెట్టుకుని ఉండే పథకాలున్నాయి. 2008లో 16 రాష్ట్రాల్లోని 904 మంది డాక్టర్ల మీద అచ్చయిన అధ్యయనంలో, అయిదేళ్ల తర్వాత అయిదుగురిలో దాదాపు నలుగురు లైసెన్సుతో వృత్తిలోనే ఉన్నట్టు తేలింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మత్తు వాడినందుకో, చిన్న మొత్తంలో దగ్గరుంచుకున్నందుకో కేసులో ఇరుక్కున్న బాధితుడు, ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో తనంతట తానుగా చేరి చికిత్స పూర్తి చేస్తే, మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ అతనికి రక్షణ ఇస్తుంది. కాబట్టి దారి ఉంది. దాని మీదికి తొలి అడుగు వేయనివ్వనిది పరువు భయం.

డాక్టర్లు, నర్సులు, పీజీలు ఈ నాలుగు మాటలు వినండి. జబ్బుపడిన సహచరుణ్ని గుట్టుగా దాచిపెట్టడం స్నేహం కాదు, నలుగురిలో పట్టించి నవ్వడం న్యాయం కాదు. చేయి పట్టుకుని చికిత్సకు తీసుకెళ్లండి. ఆ రోజు అతనికి కత్తి ఇవ్వకండి. కోలుకున్నాక ఇవ్వడానికి అభ్యంతరం చెప్పకండి. మీ సంగతే అయితే, ఈ రాత్రి డ్యూటీ అయ్యాక ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.