వెట్టి మోసిన ఊళ్లు

నిజాం కాలపు తెలంగాణ పల్లెల మాట వచ్చినప్పుడల్లా "పాపం, ఎంత ఓర్చుకున్నారో" అనడం మనకు అలవాటు. జాలితో అన్న మాటే, కానీ అది ఓర్పును జనం స్వభావంగా చూపిస్తుంది. వెట్టి, అంటే కూలి లేని బలవంతపు చాకిరి, ఎలా నడిచిందో చూస్తే కనబడేది వేరు: భరించక తప్పని విధంగా ఊరినంతా బిగించిన ఏర్పాటు. బరువును కులాలవారీగా పంచిపెట్టారు. మాల మాదిగల ఇళ్ల నుంచి ఇంటికొకరు వంతుకు పోవాలి. ఠాణాకూ తాలూకా కచేరీకీ కాగితాలు మోయాలి, రెవెన్యూ గిర్దావరు మకాం వేస్తే అతని మూటలు మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి, సాలె బట్టలివ్వాలి, గౌడు దొర కోసం చెట్లు విడిచిపెట్టాలి, కోమటి కొట్లోంచి సరుకు పంపాలి. దొరసాని పుట్టింటికి పోతే బోయలూ బెస్తలూ మేనా భుజానికెత్తుకోవాలి. దొర కచ్చురం కడితే దాని ముందూ వెనకా మనుషులు పరుగెత్తాలి. కాడెద్దుల బండితో సమానంగా మనిషి ఎంత దూరం పరుగెత్తగలడని అడిగే అవసరం కచ్చురంలో కూచున్నవాడికి రాలేదు. ఈ పంపకంలో అసలు కిటుకు వంతులోనే ఉంది. ఒకడు రానంటే ఆ పని పక్కింటివాడి నెత్తిన పడుతుంది. ఎదురు తిరిగినవాడు దొర కన్నా ముందు తనవాళ్లకే బరువవుతాడు.

దీన్ని పాతకాలపు ఇచ్చిపుచ్చుకోలుగా చెప్పేవాళ్లున్నారు. చాకలికీ మంగలికీ కళ్లంలో ధాన్యపు వాటాగా మేర ఉండేది కదా, నీరటికీ ఊరి పనివాళ్లకూ ఇనాం చెక్కలుండేవి కదా అంటారు. ఉన్నమాటే, తోసిపుచ్చను. అయితే మేర ఊరికి చేసిన పనికి. దొర గడికీ, దౌరా మీద వచ్చిన పోలీసు అమీనుకూ చేసిన చాకిరికి కొలతా లేదు, వేళా లేదు, కాదనే హక్కు అంతకన్నా లేదు. కొట్టు పెట్టుకున్న కోమటికి ఏ ఇనాం ఉందని ఉచితంగా సరుకిచ్చాడు? ఇచ్చిపుచ్చుకోలు వాదం అక్కడే తేలిపోతుంది.

మరి అంతకాలం ఎందుకు ఊరుకున్నారన్నది ఇంకా గట్టి ప్రశ్న. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జన సంఘం తొలి రోజుల్లోనే వెట్టి మీద కరపత్రం అచ్చువేసింది, వర్తకుల స్వేచ్ఛ మీద మరొకటి వేసింది. చదువొచ్చిన వర్తకుడికి కరపత్రం పనికొస్తుంది. మూట మోసేవాడికి చదువు లేదు, చదివి వినిపించినా ఒంటరిగా దొర ముందు నిలబడి ఆ కాగితం చూపించే ధైర్యం ఎక్కడిది? అతనికి కావలసింది పక్కన నిలబడే పదిమంది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత, జనం సంఘం అని పిలుచుకున్న ఆ మహాసభే ఊళ్లలోకి దిగి ఆ పదిమందిని కూర్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పడినప్పుడు, ఆ పంట ఆమె ఇంటికే చేరేలా చూసింది సంఘంవాళ్లే. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు తుపాకులు పేల్చి దొడ్డి కొమరయ్యను చంపారు. జనం బెదిరి వంతుకు వెళ్లాల్సింది. జరిగింది మాత్రం, ఒకదాని వెనక ఒకటిగా ఊళ్లు వెట్టి మానేయడం. కమ్యూనిస్టులు వచ్చి నేర్పారని అప్పటి దొరల ఫిర్యాదు. నేర్పితే వచ్చే విద్యా అది? ఓర్పు నిజంగా స్వభావమే అయితే అంత త్వరగా వదిలేది కాదు.

వంతు పనికి ఊరంతా ఒకేసారి కాదనగలదు. అప్పు కింద చేసే చాకిరి దగ్గర ఆ వీలు లేదు: నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చిన గింజలకో, పెళ్లికి తీసుకున్న రూపాయలకో జీతానికి కుదిరిన పాలేరు లెక్క అతనొక్కడిదే, అది రాసిపెట్టిన పుస్తకం దొర దగ్గరే. బేగారును, అంటే వెట్టినే, 1950లో రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించింది. అయినా 1976లో వెట్టి కార్మిక నిర్మూలన చట్టం తెచ్చి, దేశంలోని కట్టుబానిస పద్ధతుల పేర్లను ఏకరువు పెడుతూ వెట్టితో పాటు పాలేరు పేరునూ అందులో చేర్చాల్సి వచ్చింది.